మంచు కింద గనులు, మన ఊరి దిబ్బలు

(మారికుప్పంలో గని కార్మికుల కుటుంబాలు కూడుకున్న సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు ఆర్కిటిక్ గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కొందరు నవ్వారు. "ఇళ్ల గురించి మాట్లాడండి, నీళ్ల గురించి మాట్లాడండి, దుమ్ము గురించి మాట్లాడండి. ఉత్తర ధ్రువంతో మనకేం పని?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే వచ్చాం. ఆర్కిటిక్ గురించి మాట్లాడితే చివరికి ఇళ్ల దగ్గరికీ నీళ్ల దగ్గరికీ దుమ్ము దగ్గరికే వస్తాం. అక్కడ ఇప్పుడు మొదలవుతున్న కథ ఇక్కడ 1880లో మొదలైంది. ఇక్కడ 2001లో ఆగిపోయిన కథకు ఏం చేసి ఉండాల్సిందో అక్కడి కొన్ని ఊళ్లు చేసి చూపిస్తున్నాయి. కాబట్టి వాళ్లకు మనం చెప్పాల్సిందీ ఉంది, వాళ్ల నుంచి మనం నేర్చుకోవాల్సిందీ ఉంది.

ముందుగా ఆ చోటు ఎలాంటిదో చూద్దాం. దక్షిణ ధ్రువం దగ్గర అంటార్కిటికా అనే ఖండం ఉంది, దాని మీద మంచు ఉంది. ఉత్తరాన అలా కాదు. మధ్యలో సముద్రం, దాని మీద గడ్డకట్టిన మంచు, చుట్టూ ఎనిమిది దేశాల భూములు. రష్యా, కెనడా, అమెరికా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ను కలుపుకొని డెన్మార్క్. అక్కడ ఎవరూ ఉండరని చాలామంది అనుకుంటారు. సుమారు 40 లక్షల మంది ఉంటారు. వాళ్లలో పదోవంతు మంది తరతరాలుగా అక్కడే బతుకుతున్న ఆదివాసులు. ఇన్యుయిట్లు, సామీలు, డెనేలు, నెనెట్స్, ఇంకా ఎన్నో జాతులు.

ఆ ప్రాంతం ఇప్పుడు భూమి మీద మిగతా చోట్ల కన్నా వేగంగా వేడెక్కుతోంది. 1979 నుంచి అక్కడి మంచును ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు 2022లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఈ కాలంలో ఆర్కిటిక్ ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. కారణం కొంతవరకు తేలిగ్గానే అర్థమవుతుంది. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. మంచు కరిగితే కింది నల్లటి సముద్రం బయటపడుతుంది. నలుపు ఎండను తాగేస్తుంది, నీళ్లు వేడెక్కుతాయి, ఇంకాస్త మంచు కరుగుతుంది. ఎండలో తెల్ల చొక్కాకూ నల్ల చొక్కాకూ ఉన్న తేడా ఎలాంటిదో మనకు తెలుసు కదా, అదే.

ఏటా సెప్టెంబరులో సముద్రపు మంచు బాగా తగ్గిపోతుంది. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలు కొలవడం మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు. చలికాలం చివర్లో, మార్చిలో, మంచు బాగా పరుచుకోవాలి. 2025 మార్చిలో అలా పరుచుకున్న మంచు కూడా అప్పటిదాకా ఉన్న 47 ఏళ్ల లెక్కలో అతి తక్కువ, సుమారు 1.43 కోట్ల చదరపు కిలోమీటర్లు.

మంచు పోతే బాధపడేవాళ్లు ఉన్నారు. చేతులు రుద్దుకుంటున్నవాళ్లూ ఉన్నారు. మంచు తొలగితే ఓడలకు దారి వస్తుంది. నేల బయటపడితే ఖనిజాలు అందుతాయి. బ్యాటరీలకు, గాలిమరలకు, ఫోన్లకు, క్షిపణులకు కావాల్సిన అరుదైన లోహాలు అక్కడ ఉన్నాయని దేశాలు పోటీ పడుతున్నాయి. మొత్తం 57 వేల మంది ఉండే గ్రీన్‌లాండ్‌ను కొంటామని ఒక అగ్రరాజ్యపు అధ్యక్షుడు 2019లో ఒకసారి, 2025లో మళ్లీ అన్నాడంటే ఆ పోటీ ఎంతదాకా వచ్చిందో చూడండి. మనుషులున్న దేశాన్ని కొంటామన్న మాట ఈ శతాబ్దంలో వినిపించింది.

ఇక మన దేశానికి అక్కడ ఏం సంబంధం? చాలా పాతదే. నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ అనే దీవులున్నాయి. వాటి మీద 1920లో ప్యారిస్‌లో జరిగిన ఒప్పందంలో బ్రిటిష్ ఇండియా పేరు కూడా ఉంది. 2008 జూలై 1న భారతదేశం ఆ దీవుల్లోని నీ-ఓలెసున్ అనే ఊళ్లో 'హిమాద్రి' పేరుతో పరిశోధన కేంద్రం తెరిచింది. ఉత్తర ధ్రువానికి అక్కడి నుంచి దూరం సుమారు 1200 కిలోమీటర్లు. మన శాస్త్రజ్ఞులు అక్కడ హిమానీ నదాలను, గాలిలోని ధూళిని, సముద్రపు జీవులను పరిశీలిస్తారు. మొదట్లో వేసవిలోనే వెళ్లేవారు. 2023 డిసెంబరు నుంచి, నెలల తరబడి సూర్యుడు కనిపించని చలికాలంలో కూడా ఉండి పనిచేస్తున్నారు.

ఆ నీ-ఓలెసున్ ఒకప్పుడు ఏమిటో తెలుసా? గని ఊరు. 1916లో అక్కడ బొగ్గు కంపెనీ పెట్టారు. మన దగ్గరిలాగే కంపెనీ ఇళ్లు, కంపెనీ కొట్టు, కంపెనీ రైలు. ఆ గనుల్లో ప్రమాదం మీద ప్రమాదం జరిగేది. 1962 నవంబరు 5న గనిలో పేలుడు జరిగి 21 మంది కార్మికులు చనిపోయారు. అది ప్రభుత్వ కంపెనీ. భద్రతను పట్టించుకోలేదని పార్లమెంటు నిలదీసింది. 1963 ఆగస్టులో నార్వే ప్రభుత్వమే పడిపోయింది. మళ్లీ చెబుతున్నాం. 21 మంది గని కార్మికులు చనిపోతే ఒక దేశపు ప్రభుత్వం దిగిపోవాల్సి వచ్చింది. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో రాయి పేలి మనిషి పోయిన ఇల్లు లేని వీధి నుంచి వచ్చినవాళ్లు ఎందరు? ఆ చావులకు ఎవరు దిగిపోయారు?

ఆ గనిని మూసేశారు. ఊరిని మాత్రం మూసేయలేదు. కంపెనీ ఇళ్లనే బాగుచేసి పరిశోధకులకు ఇచ్చారు. ఇవాళ పదికి పైగా దేశాల శాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చి పనిచేస్తున్నారు. మన హిమాద్రి కూడా అలాంటి ఊళ్లోనే ఉంది.

ఇది విన్నప్పుడు మనకు మన గనులు గుర్తుకు రావాలి. ఎందుకంటే ప్రపంచ విజ్ఞానానికి మన గనులు చేసిన సేవ తక్కువదేమీ కాదు. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థవాళ్లు జపాన్, ఇంగ్లండ్ శాస్త్రజ్ఞులతో కలిసి న్యూట్రినో అనే సూక్ష్మ కణాల జాడ పట్టుకున్నారు. గాలిపొరల్లో పుట్టి భూమిని చీల్చుకుంటూ వచ్చే న్యూట్రినోలను మొట్టమొదట పట్టుకున్న చోట్లలో మన గని ఒకటి. పైన ఉన్న అంత మందం రాయి మిగతా కణాలన్నిటినీ ఆపేస్తుంది కాబట్టే అది కుదిరింది. ఆ లోతు ఎవరు తవ్వారు? రాయి 60 డిగ్రీలు దాటి కాలుతున్న చోట చొక్కా లేకుండా పనిచేసినవాళ్లు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి ఆకలితో వచ్చిన తెలుగు, తమిళ దళిత కుటుంబాలు. శాస్త్ర గ్రంథాల్లో గని పేరు ఉంది. తవ్వినవాళ్ల పేర్లు లేవు. పంపులు ఆగిపోయి ఆ గనులు నీళ్లతో నిండిపోయాయి. నీ-ఓలెసున్‌లో జరిగింది ఇక్కడ జరగలేదు.

ఇప్పుడు వాన సంగతికి వద్దాం. ఆర్కిటిక్‌లో ఏం జరిగితే కోలారుకేంటి అన్న మాటకు జవాబు ఇక్కడ ఉంది. 2014 జూలైలో మన శాస్త్రజ్ఞులు నీ-ఓలెసున్ పక్కనే, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, నీళ్ల అడుగున 'ఇండార్క్' అనే పరికరాల వరుస దించారు. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం, చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ కలిసి చేసిన పని అది. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం ఏడాది పొడవునా అది రాసుకుంటుంది. ఆ శ్రమ వెనక ఉన్న పెద్ద ప్రశ్న మన రుతుపవనాలే. గోవా కేంద్రం పరిశోధకులు 2021లో ఒక సంగతి బయటపెట్టారు. రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు బాగా తగ్గిన ఏళ్లలో, మన దేశంలో, ముఖ్యంగా మధ్య భారతంలో, సెప్టెంబరు నెలలో ఒక్కసారిగా కుండపోత వానలు పడే అవకాశం పెరుగుతోందని. పై గాలుల దారులు అక్కడి వేడివల్ల వంకర తిరగడం దీనికి దారి తీస్తోందని వాళ్ల వివరణ. ఇది ప్రతి వానకూ ఆర్కిటిక్ కారణమని చెప్పడం కాదు. రుతుపవనాల మీద పసిఫిక్ ప్రభావం ఉంది, హిందూ మహాసముద్రం ప్రభావం ఉంది. వాటితోపాటు ఇదీ ఒక చెయ్యి వేస్తోందని.

కోలారు కరవు జిల్లా. చెరువులు కట్టుకొని బతికిన జిల్లా. ఇక్కడ వాన అంటే వరం. కానీ నెల వాన రెండు రోజుల్లో పడితే, మిగతా ఊళ్లకూ మనకూ ఒక తేడా ఉంది. మన పక్కన దిబ్బలున్నాయి. పిండిలా నూరిన రాతిపొడి, బంగారం తీయడానికి సైనైడ్ నీళ్లలో నానబెట్టి పారేసిన మట్టి. ఎండాకాలం గాలికి అది ఎగిరి మన ఊపిరిలోకి వస్తుంది. పెద్దవాన పడితే దిబ్బ కోసుకుపోయి కాలవల్లోకి, పల్లపు పొలాల్లోకి జారుతుంది. అందువల్ల వాన తీరు మారడం అనేది మారికుప్పానికి వాతావరణ వార్త మాత్రమే కాదు. ఆర్కిటిక్ మంచూ మన సైనైడ్ దిబ్బా కలిసేది ఆ వరద నీళ్లలోనే.

అచ్చంగా మన కథే జరిగిన ఒక ఊరి గురించి ఇప్పుడు చెబుతాం. కెనడా ఉత్తర ప్రాంతంలో, ఆర్కిటిక్ వలయానికి కొంత దిగువన, ఎల్లోనైఫ్ అనే పట్టణం ఉంది. దాని శివార్లలో జెయింట్ అనే బంగారు గని. 1948లో బంగారం తీయడం మొదలుపెట్టి 2004లో మూసేశారు. దాదాపు 70 లక్షల ఔన్సుల బంగారం తీశారు. అక్కడి రాతిలో బంగారం పాషాణంతో, అంటే ఆర్సెనిక్‌తో, పెనవేసుకొని ఉండేది. రాయిని కాల్చి బంగారం విడదీసేవారు. పాషాణం పొగలో కలిసి బయటికి పోయి మంచు మీద పడేది. ఆ మంచును కరిగించి తాగేవాళ్లు డెనే ఆదివాసులు. 1951లో ఒక డెనే పసివాడు ఆ విషం వల్ల చనిపోయాడు. ఆ తర్వాత పొగలోని పొడిని పట్టి, తవ్వేసిన గని గదుల్లోనే నింపడం మొదలుపెట్టారు. ఆ నేల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది కదా, విషం అక్కడే బిగుసుకొని ఉంటుందన్నారు. కానీ గని తవ్వకంతోనే ఆ నేల కరగడం మొదలైంది. 1999లో కంపెనీ దివాలా తీసి చేతులు దులుపుకుంది. మిగిలింది 2,37,000 టన్నుల పాషాణపు పొడి, దాని పక్కన ఒక పెద్ద సరస్సు, ఆ సరస్సు ఒడ్డున డెనేల ఊళ్లు. ఏనుగు మింగిన వెలగపండు అంటారే, అలా పైకి ఊరు, లోపల డొల్ల. కాకపోతే ఆ డొల్లలో విషం ఉంది.

ఇక్కడిదాకా మన కథే. ఆ తర్వాత వాళ్లు చేసింది వినండి. డెనే పెద్దలు, పట్టణవాసులు ఏళ్ల తరబడి వదలకుండా అడిగారు. ప్రభుత్వం తన ప్రణాళిక ఒకటి తెస్తే, ముందు బహిరంగంగా పర్యావరణ విచారణ జరగాలన్నారు. జరిగింది. దాని ఫలితంగా 2015లో ఒక ఒప్పందం కుదిరింది. శుద్ధి పని మీద స్వతంత్ర పర్యవేక్షణ మండలి ఏర్పడింది. అందులో ఆదివాసులకు, పట్టణానికి, పౌర సంఘానికి చోటు ఉంది. పాషాణానికి శాశ్వత పరిష్కారం వెతికే పరిశోధనకు డబ్బు ఇప్పించే బాధ్యత కూడా ఆ మండలిదే. 2021లో శుద్ధి పని మొదలైంది. నేలలోని వేడిని పైకి లాగి చలిగాలిలోకి వదిలే గొట్టాలు దించి, ఆ విషపు గదుల చుట్టూ నేలను మళ్లీ గడ్డకట్టిస్తారు. అంచనా ఖర్చు 438 కోట్ల కెనడా డాలర్లు. కంపెనీలు లాభం పట్టుకుపోయాయి, ఖర్చు ప్రజల నెత్తిన పడింది. పైగా భూమి వేడెక్కుతున్న కొద్దీ ఆ గడ్డకట్టించడం కూడా కష్టమవుతుంది. అంటే అది ముగిసిపోయే పని కాదు, తరతరాలు కాపలా కాయాల్సిన పని.

స్వీడన్‌లో కిరునా అనే ఊరు ఉంది. అక్కడ భూమి కింద పెద్ద ఇనుప గని. గని లోతుకు పోయేకొద్దీ పైన ఊరు కుంగడం మొదలైంది. ఊరినే పక్కకు జరపాలని 2004లో నిర్ణయించారు. అక్కడ 1912లో కట్టిన చెక్క చర్చి ఉంది. 672 టన్నుల బరువు. 2025 ఆగస్టు 19, 20 తేదీల్లో ఆ చర్చిని ముక్కలు చేయకుండా, ఉన్నదున్నట్టు ఎత్తి, చక్రాల బండ్ల మీద పెట్టి, సుమారు 5 కిలోమీటర్లు నడిపించుకుంటూ తీసుకెళ్లారు. ప్రపంచమంతా చూసింది. ఖర్చు గని కంపెనీదే. గని వల్ల ఊరికి జరిగే నష్టం గనే భరించాలని అక్కడి చట్టం.

మనం ఆ దృశ్యం చూసి సంతోషించవచ్చు. మరి ఆ కథలో ఇంకో సగం ఉంది. 2023 జనవరిలో అదే కంపెనీ కిరునా పక్కన పది లక్షల టన్నులకు పైగా అరుదైన లోహాల నిల్వ దొరికిందని ప్రకటించింది. యూరప్ సంబరపడింది. అక్కడ రెయిన్‌డీర్ జింకల మందలు మేపుకొనే సామీలు మాత్రం సంబరపడలేదు. ఇప్పటికే పాత గని వాళ్ల మేత భూముల్ని మింగింది. కొత్త గని వస్తే, మందలు కొండల నుంచి అడవులకు వెళ్లే దారి తెగిపోతుందని గాబ్నా అనే సామీ సముదాయం చెబుతోంది. చర్చిని బండి మీద ఎక్కించి జరపవచ్చు. మంద నడిచే దారిని ఎక్కడికి జరుపుతారు? కొలవగలిగిన ఆస్తికి పరిహారం దొరుకుతుంది, కొలవడానికి వీల్లేని బతుకుతెరువుకు దొరకదు. ఇది మనకూ తెలిసిన సంగతే.

యాదృచ్ఛికం ఏమిటంటే, ఆర్కిటిక్ మండలిలో భారతదేశానికి పరిశీలక హోదా దొరికింది కూడా ఈ కిరునాలోనే, 2013 మేలో. ఆ మండలిలో ఎనిమిది దేశాలతోపాటు ఆరు ఆదివాసీ సంస్థలు శాశ్వత భాగస్వాములుగా కూర్చుంటాయి. ఓటు లేకపోయినా వాళ్లను సంప్రదించకుండా ముందుకు పోకూడదు. 2022 మార్చిలో మన ప్రభుత్వం ఆర్కిటిక్ విధానం ప్రకటించింది. అందులో పరిశోధన, పర్యావరణ రక్షణతో పాటు ఆర్థిక సహకారం, రవాణా కూడా ఉన్నాయి. అంటే రేపు అక్కడి తవ్వకాల్లో మన దేశపు పెట్టుబడి కూడా ఉండొచ్చు. అప్పుడు గ్రీన్‌లాండ్‌లోనో సామీల భూమిలోనో జరిగేదానికి మనం కూడా జవాబుదారులమవుతాం.

గ్రీన్‌లాండ్‌వాళ్లు ఏం చేశారో కూడా చెప్పాలి. 2021లో అక్కడి ఎన్నికలు ఒక గని చుట్టూనే జరిగాయి. నార్సాక్ అనే చిన్న ఊరి పక్కన అరుదైన లోహాలున్నాయి, వాటితోపాటు యురేనియం ఉంది. గొర్రెలు మేపుకొనేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు వద్దన్నారు. గని వద్దన్న పార్టీ గెలిచింది. ఆ ఏడాది నవంబరులోనే యురేనియం తవ్వకాన్ని ఆపే చట్టం చేశారు. కంపెనీ పరిహారం కోసం దావాకు దిగింది. వద్దనడానికి కూడా మూల్యం ఉంటుంది. అయినా వాళ్లు వద్దనగలిగారు. ఎందుకంటే 2009 స్వయంపాలన చట్టంతో నేల కింది ఖనిజాల మీద నిర్ణయాధికారం వాళ్లకు దక్కింది.

చివరి ఉదాహరణగా మళ్లీ స్వాల్‌బార్డ్‌కు వెళ్దాం. అక్కడ 2001లో పర్యావరణ చట్టం చేశారు. తవ్వినవాడు వెళ్లేటప్పుడు నేలను బాగుచేసి వెళ్లాలన్నది అందులో ఒక నియమం. స్వేయా అనే బొగ్గు గనిని మూయాలని 2017లో నిర్ణయించినప్పుడు, ఆ చట్టం ప్రకారం ఇళ్లు, రోడ్లు, విమానాలు దిగే దారి అన్నీ తీసేశారు. 1946కు ముందువి మాత్రం చరిత్ర ఆనవాళ్లుగా ఉంచారు. నదులను వాటి పాత దారుల్లోకి వదిలారు. ఇవాళ అక్కడ ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి. ఆ దీవుల్లో నార్వేవాళ్ల చివరి బొగ్గు గని కూడా 2025లో మూతబడింది.

2001 అన్నాం కదా. ఆ ఏడాది మనకూ గుర్తుండిపోయిన ఏడాదే. ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ తలుపులు మూతబడ్డాయి. 120 ఏళ్లలో 800 టన్నుల బంగారం ఇచ్చిన నేలను, శుద్ధి ప్రణాళిక లేకుండా, శుద్ధికి పక్కన పెట్టిన డబ్బు లేకుండా వదిలేశారు. మన దేశంలో గని మూసివేత ప్రణాళిక ఉండాలని, దానికి ముందే ఆర్థిక హామీ కట్టాలని నిబంధనలు వచ్చింది 2003లో. రెండేళ్లు ఆలస్యంగా. నిబంధన రావడానికి ముందే గని మూతబడింది కాబట్టి మనకు ఏ దారీ లేకపోయింది. అప్పటినుంచి తెల్లవారుజామున మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, రాత్రికి తిరిగొచ్చే ఊరుగా మిగిలాం.

ఇప్పుడు ఆ దిబ్బలకే మళ్లీ విలువ వచ్చింది. 13 దిబ్బలు, వెయ్యి ఎకరాల పైన, సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి. దాన్ని వేలం వేయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది. 2025 జనవరిలో కేంద్రం ఆమోదించిన కీలక ఖనిజాల మిషన్ కూడా పాత గనుల వ్యర్థాల నుంచి లోహాలు తీయడం గురించి మాట్లాడుతోంది. మన పిల్లల్లో కొందరు అంటున్నారు: "దిబ్బ తవ్వితే పని వస్తుంది, మీరు అడ్డుపడకండి." మేము అడ్డుపడటం లేదు. దిబ్బ పోవడం మంచిదే. అది ఎలా పోతుంది, ఎవరి ఊపిరి మీదుగా పోతుంది, తవ్వాక మిగిలే మట్టి ఎక్కడికి పోతుంది అన్నదే మా ప్రశ్న. పని కావాలా గాలి కావాలా అని అడిగే అధికారం ఎవరికీ లేదు. రెండూ మన హక్కే.

ఆర్కిటిక్ ఊళ్ల నుంచి నేర్చుకొని మేము అడుగుతున్నవి నాలుగు.

మొదటిది, బుల్‌డోజర్ దిగకముందే లెక్క తీయాలి. దిబ్బల చుట్టూ ఉన్న వీధుల్లో గాలిలో ఎంత దుమ్ము ఉంది, బావుల్లో, చెరువుల్లో ఏముంది, పాత కార్మికుల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అన్నది స్వతంత్రంగా పరీక్షించి, తెలుగులో, తమిళంలో, కన్నడలో అందరికీ చెప్పాలి. ముందు కొలవకపోతే, రేపు రోగం వస్తే "ఇది పాతదే" అంటారు.

రెండోది, జెయింట్ గని దగ్గరిలాగా పర్యవేక్షణ మండలి కావాలి. అందులో పాత కార్మికులు, ఆడవాళ్లు, దిబ్బల పక్కన ఉండేవాళ్లు కూర్చోవాలి. కాగితాలు చూసే అధికారం, పని ఆపమని చెప్పే అధికారం దానికి ఉండాలి.

మూడోది, మూసివేత డబ్బు ముందే కట్టాలి. రెండోసారి బంగారం తీశాక మిగిలేది మళ్లీ దిబ్బే. ఆ కొత్త దిబ్బను కప్పి, చెట్లు పెంచి, వాననీళ్లు పట్టే ఏర్పాటు చేసే ఖర్చు, తవ్వడానికి ముందే బ్యాంకులో ఉండాలి. కంపెనీ దివాలా తీస్తే ఏమవుతుందో ఎల్లోనైఫ్ చెప్పింది.

నాలుగోది, ఇళ్లు, పని, వాటా. లైన్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ ఇళ్ల మీద హక్కు తేలాలి. పనుల్లో ఇక్కడివాళ్లకు మొదటి చోటు ఉండాలి. 2015 చట్ట సవరణతో ఏర్పడ్డ జిల్లా ఖనిజ నిధి, తవ్వకం వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే. ఈ దిబ్బల మీద వచ్చే ప్రతి రూపాయిలో ఆ నిధికి వాటా రావాలి, ఆ డబ్బు ఇక్కడి ఆసుపత్రికి, నీళ్లకు, బడికి ఖర్చవ్వాలి.

యోబు గ్రంథం 28వ అధ్యాయంలో గని పనివాళ్ల ప్రస్తావన ఉంది. మనుషులు తిరగని చోట, తాళ్లకు వేలాడుతూ, చీకటిని తవ్వి బంగారం తీసేవాళ్ల గురించి అంత పాత కాలంలోనే రాశారు. అయితే ఆ అధ్యాయం చివరికి అడిగేది లోహం ఎక్కడుందని కాదు, జ్ఞానం ఎక్కడుందని. ఆర్కిటిక్‌లోకి ఇవాళ దేశాలు యంత్రాలు పట్టుకొని దిగుతున్నాయి. లోహం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. తవ్వాక ఏం మిగులుతుందో తెలిసినవాళ్లు ఇక్కడ, ఈ లైన్లలో ఉన్నారు.

అందుకని ఒక పని మొదలుపెడదాం. ప్రతి ఇంటి నుంచి ఒక కాగితం. ఇంట్లో గనికి వెళ్లినవాళ్లు ఎవరు, ఏ షాఫ్ట్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ జబ్బు, ఏ మందు, తాగే నీళ్లు ఎక్కడివి, పెద్దవాన పడినప్పుడు దిబ్బ నీళ్లు ఎటు వస్తాయి. చదువుకున్న పిల్లలు రాయండి, పెద్దలు చెప్పండి. వేలం ప్రకటన వచ్చినప్పుడు మన దగ్గర ఉండే మొదటి రుజువు అదే. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కో లైన్‌కు ఇద్దరిని ఎంచుకుందాం. వచ్చే నెలకల్లా కాగితాలు చేతికి రావాలి.